సొరకాయ తినని వాళ్ళ గుడి

చచ్చాక ఎక్కడికి పోతామన్న బెంగ బాలి దీవిలో ఎవరికీ పెద్దగా ఉండదు. దహనమయ్యాక ఆత్మ తన వంశపు గుడికి చేరుతుంది, వెనకవాళ్ళు పూజలు చేస్తారు, మళ్ళీ ఆ ఇంట్లోనే పుడుతుంది. కర్దాకి మాత్రం ఆ బెంగ పట్టుకుంది, ఎందుకంటే తన వంశమేదో అతనికే తెలియదు. అగ్నిపర్వతం పేలిన ఏడు, పారిపోతున్న జనంతో కిక్కిరిసిన లారీలోకి ఎవరో అతన్ని ఎత్తి పడేశారు. అప్పటికి నాలుగేళ్ళవాడు. లారీ పడమటి తీరాన నెగారాలో ఆగింది. అక్కడొక రైతు అన్నం పెట్టి పెంచాడు, పెళ్ళీ చేశాడు. తన వంశంలో కలుపుకునే దత్తత కర్మ మాత్రం ఈ ఏడు కాదు పైఏడు అంటూ అంటూ తనే పోయాడు. ఇప్పుడు కర్దాకి అరవై దాటాయి, గుండె ఒకసారి మొరాయించింది కూడా.

అమ్మ గురించి అతనికి గుర్తున్నది ఒక్కటే. పక్కింట్లో సొరకాయ కూర నోట్లో పెట్టుకోబోతుంటే చెయ్యి మీద చరిచి, "మనం తినకూడదు" అంది. పూర్వీకుల మొక్కు పేరుతో ఏదో ఒకటి తినని వంశాలు దీవిలో బోలెడు. సొరకాయ మానేసిన వాళ్ళెవరో తెలిస్తే తన గుడి దొరికినట్టేనని కర్దా ఆశ. భార్య రస్మినిని స్కూటర్ వెనక ఎక్కించుకుని దీవి చుట్టూ బయల్దేరాడు. సొరకాయ కోతలు కోస్తున్నాడని ఊళ్ళో కొందరు నవ్వారు కూడా.

తబనాన్‌లో సముద్రపుటొడ్డు గుడి పూజారి, "మేం తాబేలు తినం. సొరకాయైతే ఎంత పెట్టినా తింటాం" అన్నాడు. బతూర్ సరస్సు దగ్గర ఒకామె, "మావాళ్ళు ఒక రకం అరటిపండు ముట్టరు. నువ్వు అరటిని సొరకాయ అనుకుంటున్నావేమో చూసుకో" అని ఎదురు సలహా ఇచ్చింది. భయంతో మొదలైన ప్రయాణం పోనుపోను ఆరాగా మారింది. ఏ గుడికి వెళ్ళినా దణ్ణం పెట్టుకోగానే కర్దా వంటశాలలోకి తొంగిచూడటం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, అది నిజంగా మొక్కేనా, లేకపోతే మీ అమ్మకి ఆ కూర పడేది కాదా?" అంది రస్మిని.

"పడకపోతే కొడుతుందా?"

"వంకాయ తిన్నావని నేను కొట్టలేదూ? వారం రోజులు ఒళ్ళంతా గోక్కున్నావ్."

తూర్పున, కొండవాలు సముద్రంలోకి దిగే చోట, కుబు అనే ఊరు దాటాక నల్ల ఇసుక తీరం వస్తుంది. అక్కడి గుడిలో పండగ. మగవాళ్ళు వరసగా కూర్చుని కూరలు, మాంసం సన్నగా తరుగుతున్నారు.

"సొరకాయ లేదా?" అన్నాడు కర్దా, ఎప్పటిలాగే.

తరిగేవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. వాళ్ళలో పెద్దవాడు, ఆ గుడి పూజారి, కత్తి పక్కన పెట్టాడు. "ఆ మాట ఇక్కడ ఎత్తకు. మా మూలపురుషుడు ఆ పాదు కింద దాక్కునే ప్రాణం దక్కించుకున్నాడు. కొంపదీసి తెచ్చావా ఏంటి?"

"తేలేదు. నేనూ తినను," అంటూ కర్దా లారీ సంగతి చెప్పాడు.

పూజారి లోపలికి కేకేశాడు. సుకెర్తి అనే ఆవిడ నైవేద్యం బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. పూజారి చెప్పింది విని, పలకరించకుండానే కర్దాకి ఎడమ పక్కకి వచ్చి చెవి చూసింది.

"ఈ చెవి ఎలా తెగింది?"

"ఏమో. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే."

"మా నాన్న పందెం కోడి పొడిచింది. చచ్చేదాకా ఆ కోడిని తిడుతూనే ఉంది అమ్మ," అంది సుకెర్తి. బుట్ట దించి అక్కడే కూలబడి ఏడ్చింది. అన్నని లారీ ఎక్కించేనాటికి ఆమె ఇంకా తల్లి కడుపులోనే ఉంది. లారీలో చోటు చాలక తల్లి నడిచి వెళ్ళింది, ఆ లారీ ఎటు పోయిందో మళ్ళీ తెలియలేదు.

కర్దా ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత పూజారిని వచ్చిన పని అడిగాడు. "అయితే పోయాక నాకు ఇక్కడ చోటిస్తారా?"

పూజారి తల గోక్కున్నాడు. "ఎప్పుడో ఇచ్చేశాం. శవం దొరకనివాళ్ళకి గంధపు చెక్కతో బొమ్మ చేసి కాలుస్తాం కదా. నీకూ అలాగే చేశాం. బూడిద సముద్రంలో కలిపి, నిన్ను మీ ఇంటి గుడిలో దేవుడిగా కూర్చోబెట్టాం."

"అంటే నేను ఇన్నేళ్ళూ దేవుడితో కాపురం చేశానా? గురకపెట్టే దేవుణ్ణి ఎక్కడా చూళ్ళేదు," అంది రస్మిని. పూజారే ముందు నవ్వాడు.

సుకెర్తి వాళ్ళని ఇంటికి తీసుకెళ్ళింది. పెరట్లో చిన్న గుడి, లోపల పసుపు గుడ్డ కప్పిన పీట. దాని ముందు అన్నం, చేప, తీపి రొట్టెలు. తనకి పెట్టిన నైవేద్యాన్ని కర్దా వంగి వింతగా చూశాడు.

"నన్నేం అడిగేదానివి?"

"అన్నీ. మా ఆయన పడవ తిరిగి రావాలని. పిల్లాడికి జ్వరం తగ్గాలని."

"ఇచ్చానా?"

"పడవ వచ్చింది. పిల్లాడు దక్కలేదు."

కర్దా పీట మీది పసుపు గుడ్డ సర్దాడు. "అప్పుడు నేను ఏ పొలంలోనో వరి కోస్తూ ఉండుంటాను. నాకు తెలీదమ్మా," అన్నాడు.

సుకెర్తి కళ్ళు తుడుచుకుని, పీట ముందున్న అన్నం ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. "ప్రతి పండక్కీ నీకు పెట్టి, కాసేపాగి మేమే తినేవాళ్ళం అన్నా. ఇవాళ నువ్వు తిను."