చెయ్యి మంచిదే, హాజరే తక్కువ

జువ్వలదిన్నె రేవులో ముత్యాలయ్యను వాదనలో ఓడించే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఒకసారి తుపాను వస్తోంది, పడవలు దించవద్దని చెప్పడానికి వచ్చిన అధికారితో ఆయన వాదనకు దిగితే, పాపం ఆ అధికారికి గొంతు పోయింది. ఎంతకూ తెమలకపోయేసరికి తుపానే విసుగెత్తి వేరే జిల్లాకు పోయింది. ఇంకోసారి ఐసు ధర మీద పొద్దున మొదలుపెట్టిన బేరం మధ్యాహ్నానికి గాని ముగియలేదు. అప్పటికి బండిలో మిగిలింది నీళ్ళే. నీళ్ళకు డబ్బులేమిటని ఆయన ఊరికే పట్టుకొచ్చాడు. చదువరులారా, ఈ కథలో ఎవరో వచ్చి ఆయన్ను ఓడిస్తారని మీరు ఆశ పెట్టుకోకండి.

ఈ ముత్యాలయ్యకు ఒక మనవరాలుంది. కొడుకు కామాక్షయ్య కూతురు, పేరు స్వర్ణ. నెల్లూరులో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతోంది. ఆ వీధిలో డిగ్రీ కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. ఫీజూ హాస్టలు ఖర్చూ నెల్లూరులోనే ఒక ట్రస్టు వాళ్ళు పెట్టుకుంటున్నారు. వాళ్ళ షరతులు రెండే. నూటికి డెబ్బై ఐదు క్లాసులకు తగ్గకుండా హాజరు కావాలి, ప్రతి సెమిస్టరులోనూ అన్ని సబ్జెక్టులూ పాసవాలి. స్కాలర్‌షిప్పు మంజూరు చేసిన రోజున పిల్లల్నీ పెద్దల్నీ కూర్చోబెట్టి మరీ ఈ సంగతి చెప్పారు. ఆ సమయంలో ముత్యాలయ్య బయట, ఆటో ఎక్కడ నిలపాలనే విషయం మీద వాచ్‌మన్‌తో వాదిస్తున్నాడు. గెలిచాడు కూడా.

మొదటి ఏడాది దసరా సెలవులకు స్వర్ణ ఇంటికి వచ్చింది. తాత ఒడ్డున కూర్చుని కొత్త వల నీళ్ళ మీద తేలేందుకు బెండ్లు కడుతుంటే, సరదాగా తానూ ఒక ముడి వేసింది. మరునాడు ఆ వలలో మంచి వంజరాలు పడ్డాయి. సముద్రంలో వంజరాలు తిరిగే కాలమది, ఎవరి వలలోనైనా పడతాయి. కానీ ముత్యాలయ్య ఆ రోజు నుంచి, "మా స్వర్ణ చెయ్యి మంచిది" అని రేవంతా చాటాడు. ఆయన చాటితే కాదనేదెవరు?

సెలవులు అయిపోయాయి, స్వర్ణ నెల్లూరు వెళ్ళింది. పట్టుమని నెల తిరగకముందే ఫోను.

"అమ్మణ్ణీ, రేపు ఇంకో వల దించుతుండాం. పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్."

"రేపు ల్యాబు ఉండాది తాతా."

"ల్యాబు యాడికి పోతది? గోడలు కట్టి పెట్టినారు గదా, ఆడనే ఉంటది. చేపలు ఉంటాయా?"

దీనికి రసాయన శాస్త్రంలో జవాబు లేదు. స్వర్ణ బస్సెక్కింది.

మొదట తాత వల ఒక్కటే. తరువాత తాత బామ్మర్ది జీవానందం వల. ఆ పైన ఎదురింటివాళ్ళ కొత్త ఇంజను, పక్కింటివాళ్ళ చేపల పెట్టె, మేనత్త ఇంట చెవులు కుట్టే పండగ, ఊళ్ళో పెళ్ళిళ్ళు. ఒకాయన కొత్తగా పళ్ళసెట్టు కట్టించుకుని, స్వర్ణ ముందు తాకితే గాని నోట్లో పెట్టుకోనని మూడు పూటలు గంజితో గడిపాడు. వచ్చిన ప్రతిసారీ స్వర్ణకు పూలదండ, సోడా, ముందు వరసలో కుర్చీ. కాలేజీలో ఇంగ్లీషులో పాఠం చెబుతుంటే సగం అర్థంకాక వెనక బెంచీలో ముడుచుకుని కూర్చునే పిల్లకు ఆ కుర్చీ ఎంత బాగుంటుందో మీరే ఆలోచించండి.

ఒక్క మాలకొండమ్మకు మాత్రం ఈ వ్యవహారం రుచించలేదు. ముత్యాలయ్య భార్య ఆమె. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి.

"ఏమయ్యా, చదువుకునే పిల్లను ఇట్టా గంగిరెద్దు మాదిరి తిప్పుతుండావే, ఆ డబ్బు కట్టేవాళ్ళు ఊరుకుంటారా?"

"నీకు తెలీదు, నువ్వూరుకోమే. వేట నిషేధంలో సర్కారు మనకు డబ్బు ఎందుకిస్తది?"

"సముద్రం మీదికి పోవద్దని."

"చూసినావా! పనికి పోకుండా ఇంటికాడ ఉంటే డబ్బిస్తారు. స్కాలర్‌షిప్పూ అట్టాంటిదే. ఒకసారి పేరెక్కినాక అదే వస్తది."

ఇంత గట్టి తర్కం విన్నాక మాలకొండమ్మ నోరు మూసుకుని చేపలు తోమింది. అయితే తోమడంలో ఆ రోజు చప్పుడు కాస్త ఎక్కువైంది.

సంక్రాంతి దాటిన వారానికి, ఎవరూ పిలవకుండానే స్వర్ణ ఇంటికి వచ్చింది. చేతిలో హాస్టలు బ్యాగు మొత్తం ఉంది. రెండు సబ్జెక్టులు పోయాయి. హాజరు సగానికి కూడా రాలేదు. ట్రస్టు వాళ్ళు స్కాలర్‌షిప్పు ఆపేశారు. పెద్దవాళ్ళను తీసుకుని వచ్చి కారణం చెప్పుకుంటే ఇంకోసారి ఆలోచిస్తామన్నారు, అదొక్కటే దారి. అది కూడా మూసుకుపోతే చదువు మానేసి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోవలసిందే. కామాక్షయ్య సంపాదనతో ఆ ఫీజు కట్టే మాట కల్ల.

"టైఫాయిడ్ వచ్చిందని డాక్టరు చీటీ తెచ్చుకోమన్నారు తాతా, మా క్లాసు వాళ్ళు," అంది స్వర్ణ, తల ఎత్తకుండా.

ముత్యాలయ్యకు రోషం వచ్చింది. "నేను బతికుండంగా నీకు జొరమెందుకే? రేపు నేనొస్తుండా. వాళ్ళో నేనో తేలిపోవాల!"

మరునాడు ముత్యాలయ్య, మాలకొండమ్మ, స్వర్ణ నెల్లూరులో ట్రస్టు ఆఫీసుకు వెళ్ళారు. బల్లకు అవతల విజయకుమారి గారు కూర్చుని ఉన్నారు. లెక్చరరుగా రిటైరై, ఈ స్కాలర్‌షిప్పుల వ్యవహారం చూస్తున్న పెద్దావిడ.

"కూర్చోండి ముత్యాలయ్య గారూ."

"కూర్చోను రాలేదమ్మా. న్యాయం అడగను వచ్చినా."

"కూర్చుని అడిగినా వింటానండీ."

ముత్యాలయ్య కూర్చుని మొదలుపెట్టాడు. "ఒకసారి ఇచ్చింది మళ్ళా ఎనక్కి లాక్కోడం పెద్దోళ్ళు చేసే పనేనా? రెండు సబ్జెక్టులు పోయినాయని పిల్ల నోటికాడ కూడు తీసేస్తారా? మాకు మాత్రం రూల్సు తెలీవా? నా మీసం నల్లగా ఉన్నకాడి నుంచి నా పడవలో వాటాలు నేనే పంచుతుండా. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అన్యాయం అన్నోడు లేడు. న్యాయమంటే ఏందో మా రేవుకొచ్చి నేర్చుకోండి!"

విజయకుమారి గారు నిజంగానే కుతూహలపడి ముందుకు వంగారు. "వాటాలు ఎట్లా పంచుతారండీ?"

"పడవకొకటి, వలకొకటి, ఇంజనుకొకటి. మిగిలింది, పడవెక్కిన మనుషులందరికీ సమానం."

"ఎక్కని వాళ్ళకో?"

"ఎక్కనోడికి వాటా ఏందమ్మా! ఒడ్డున కూర్చున్నోడికి కూడా ఇస్తే రేపు పడవెక్కేదెవురు?"

"పాపం, ఒంట్లో బాగాలేకపోతే?"

"ఆ, అదీ అడగండి! మేమేం కసాయోళ్ళం కాదు. బాగలేనోడికి సగం వాటా ఇస్తాం. ఊరికే గాదు. నీడన కూర్చోని చిరిగిన వల బాగుచెయ్యాల. తేరుకున్నాక పడవెక్కాల." ముత్యాలయ్యకు ఊపు వచ్చింది. "మా బామ్మర్ది జీవానందం, జొరమని చెప్పి సగం వాటా తీసుకోని, అల్లూరులో పెండ్లికి పోయి పప్పన్నం తింటా దొరికినాడు. పెండ్లాం తమ్ముడని చూసినానా? చూళ్ళా! ఆ పూటే వాటా కోసేసినా. కావాలంటే ఈయమ్మనే అడగండి, ఏడాది నాతో మాట్లాడలా!"

మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నారు విజయకుమారి గారు. కాదు, నవ్వుతోంది.

"ఏమయ్యా," అంది కళ్ళు తుడుచుకుంటూ, "మన స్వర్ణ ఎన్ని పెండ్లిండ్లలో పప్పన్నం తినిందో, అది కూడా చెప్పు మరి ఈ యమ్మకు."

ముత్యాలయ్యను ఓడించే మనిషి పుట్టలేదని మొదట్లో గొప్పగా అన్నాను. తప్పు. పుట్టి అరవై ఏళ్ళు దాటింది, పేరు ముత్యాలయ్య.

ఆయన చివరి ప్రయత్నం చేశాడు. "పెండ్లిండ్లు సరే. వల తాకడం పనే గదమ్మా? దాని చేత్తో మా రేవంతా బాగుపడింది."

"అట్లాగా? అయితే ఆ చేపల్లో ఈ అమ్మాయికి ఎంత వాటా ఇచ్చారు?"

ముత్యాలయ్య భార్య వైపు తిరిగాడు.

"ఒకసారి ఎండు చేపలు మూటగట్టి ఇచ్చినాడు," అంది మాలకొండమ్మ.

"వాసనని హాస్టల్లో అవి కూడా పారేయించినారు," అంది స్వర్ణ మెల్లిగా. ఆ తరువాత కాస్త ధైర్యం తెచ్చుకుంది. "మేడమ్, తాత ఒక్కడిదే తప్పు కాదు. రానని నేను గట్టిగా చెప్పుంటే సరిపోయేది. చెప్పలా. క్లాసులో నేనెవరో ఎవరికీ తెలీదు. ఊళ్ళో అయితే దండ వేసేవాళ్ళు. నాకూ బాగుండేది."

విజయకుమారి గారు స్వర్ణ ఫైలు ముందుకు లాక్కున్నారు. "అబద్ధపు జ్వరం చీటీ తీసుకొచ్చి ఉంటే నిన్ను ఇప్పుడే పంపేసేదాన్ని. నిజం చెప్పావు. మీ తాతగారి పడవలో పద్ధతి చాలా బాగుంది, అదే పాటిద్దాం. ఒక సెమిస్టరు ఇస్తాం. ఆ లోపల పోయిన సబ్జెక్టులూ కొత్తవీ అన్నీ పాసవాలి, హాజరు తగ్గకూడదు. పాఠం అర్థం కాకపోతే సాయంత్రం నా దగ్గరికి రా, దండ వేయను గాని పాఠం చెబుతాను. అప్పటికీ కాకపోతే ఆగిపోతుంది."

తరువాత ముత్యాలయ్య వైపు తిరిగారు. "నిరుడు మీ పక్క ఊరి నుంచే సాయిలక్ష్మి అనే అమ్మాయి వచ్చిందండీ. చోటు లేదని వెనక్కి పంపాం. ఇప్పుడు రొయ్యల షెడ్డులో ఉందట. స్వర్ణ రాని రోజుల్లో ఇక్కడ ఆ చోటు ఖాళీగానే ఉంది. స్వర్ణా కూర్చోలేదు, ఆ పిల్లా కూర్చోలేదు. మేం హాజరు అడిగేది పిల్లల్ని ఏడిపించడానికి కాదు."

తిరుగు బస్సులో కండక్టరు రెండు రూపాయలు చిల్లర లేదన్నాడు. ముత్యాలయ్య పోనీలే అన్నాడు. మాలకొండమ్మ భయపడి ఆయన నుదురు తాకి చూసింది.

వేట నిషేధం ముగిసి పడవలన్నీ ఒకేసారి సముద్రంలోకి దిగే రోజు దగ్గరపడింది. రెండు నెలలు ఒడ్డున ఉన్నవాళ్ళకు మొదటి వేట ఎంత ముఖ్యమో చెప్పనక్కర లేదు. సరిగ్గా అదే వారంలో స్వర్ణకు పరీక్షలు. జీవానందం రేవులో పదిమందిని వెంటేసుకుని వచ్చాడు.

"బావా, స్వర్ణను పిలిపించు. అందరి వలలూ ఒక్కచోట పరుస్తాం. ఒక్క పూట చాలు."

"పిల్లకు పరీక్షలురా."

"కాలేజీ యాడికి పోతది బావా? ఆడనే ఉంటది. నువ్వే గదా చెప్పింది!"

ఆ మాట తన నోట బయలుదేరి ఊరంతా తిరిగి తన దగ్గరికే వస్తే ఎట్లా ఉంటుందో ముత్యాలయ్యకు అప్పుడు తెలిసింది. వల మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"కాలేజీ ఆడనే ఉంటదిరా. మన పిల్లే ఉండదు. ఒక్క పూట, ఒక్క పూట అనే గదా దాని సగం ఏడాది మింగినాం? నువ్వు వల ముట్టమంటివి, ఇంకోడు ఇంజను ముట్టమనె, ఇదిగో ఈ పెద్దాయన పళ్ళు కూడా ముట్టించుకునె! అందరికంటే ముందు పిలిచింది నేను. మనకు ఏమీ కాని మనుషులు మన పిల్లకు ఫీజు కడుతుండారు. వాళ్ళు ఫీజు కట్టగలరు, మార్కులు కట్టలేరు. పిల్లను క్లాసులో కూర్చోనిచ్చే పని మనది. ఆ ఒక్క పనీ మనం చెయ్యకపోతే, సాయం ఆపినారని వాళ్ళను తిట్టేదానికి మనకు నోరెక్కడిదిరా?"

జీవానందం గొణిగాడు. "చేపలు పడకపోతే?"

"పడకపోతే నీ వాటా కోస్తా. అలవాటే గదా నీకు!"

అందరూ నవ్వారు. నవ్వుకుంటూనే, స్వర్ణ చెయ్యి లేకుండా పడవలు దించారు.

ఆ రోజు ముత్యాలయ్య వల లాగుతుంటే పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. అన్నీ వంజరాలే, ఒక్కొక్కటి పసిపిల్లంత. రేవులో ఐసు చాలక బిట్రగుంట నుంచి తెప్పించారు. ఆ వాసనకు వచ్చిన కొంగలతో ఆకాశం కనపడలేదు.

స్వర్ణ పోయిన రెండు సబ్జెక్టులూ, కొత్తవీ కలిపి అన్నీ పాసైంది. ఒకదాంట్లో మాత్రం అంచు మీద బయటపడింది. హాజరు ట్రస్టు వాళ్ళు అడిగినదానికి పైనే ఉంది. స్కాలర్‌షిప్పు కొనసాగింది.

ఇక ఒక మాట ఒప్పుకోవాలి. పైన పడవను ఒరగేసిన వంజరాలు సముద్రంలోవి కావు, నావి. ఆ రోజు ముత్యాలయ్యకు పడింది రెండు గంపల చౌకరకం కవళ్ళ చేపలు, దారి తప్పిన పీత ఒకటి. డీజిలు ఖర్చు కూడా రాలేదు. పిల్లను పిలవకపోయినా నష్టం లేదని చెబితే గాని మీరు నమ్మరేమోనని భయపడి, నేనే వల నింపాను. అయ్యా, అమ్మా, నష్టం వస్తే రానివ్వండి. వల ఖాళీగా వచ్చినా సరే, చదువుకునే పిల్లను క్లాసులోంచి పిలవకండి.