మార్జిన్ వదిలిన కేకు

మా మామయ్య కటింగ్ మాస్టరు. ముప్పై ఏళ్ళలో ఆయన కత్తిరించిన గుడ్డ ఒక్కటి కూడా బిగుతయిందని వెనక్కి రాలేదు. ఎవరు ఏ కొలత ఇచ్చినా ఆయన కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ అదనంగా వదులుతాడు. "మనిషన్నాక ఒళ్ళు చేస్తాడమ్మా, అప్పుడు విప్పుకుని వదులు చేసుకోవద్దూ?" అంటాడు. దాన్ని మేం మార్జిన్ అంటాం. గుడ్డ దగ్గర ఇంత ముందుచూపున్న మనిషి మాట దగ్గర మాత్రం శుద్ధ మొద్దు. నాలుగేళ్ళుగా ఒక్క ముక్క చెప్పలేక నా ప్రాణం తోడేస్తున్నాడు.

మా షాపు ఒకటే గది. అందులో కటింగ్ బల్ల ఆయనది, కుట్టు మిషను నాది, కిటికీ పక్క కుర్చీ కాజాల ఆంటీది. చేత్తో కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఆవిడ పని. ఆవిడ ఒంటరి, ఈయనా ఒంటరే. ఆవిడకి దారం రీలు అందించేటప్పుడు మామయ్య దాన్ని కింద పడేస్తాడు. ఆవిడ వంగి తీసుకుంటుంది. మర్నాడు మళ్ళీ అదే. నాలుగేళ్ళ ప్రేమకథ మొత్తం ఇంతే!

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ తాపీగా బాంబు పేల్చింది. వాళ్ళింటి దగ్గర షాపు వాళ్ళు రమ్మంటున్నారట. రెండు గంటలకల్లా ఫోన్ చేసి ఔనో కాదో చెప్పాలట.

"ఔననే అంటాను. ఇక్కడ నన్ను ఉండమని పట్టుకున్నవాళ్ళెవరు?" అంది గుండీ బిగిస్తూ. తర్వాత నవ్వేసి, "పోతూ పోతూ ఓ చాక్లెట్ కేకు తిని పోవాలనుంది" అని, కోటుకి సరిపోయే గుండీలు వెతకడానికి బజారుకి వెళ్ళింది. అప్పటికి ఒకటిన్నర.

మామయ్య కత్తెర కింద పెట్టాడు. పని మధ్యలో ఆయన కత్తెర వదలడం నేనెప్పుడూ చూడలేదు.

"కేకు చేద్దామే" అన్నాడు.

"దేని మీద? ఇస్త్రీ పెట్టె మీదా?"

మూలన టీ వేడి చేసుకునే మైక్రోవేవ్ వైపు గడ్డం ఊపాడు. "నువ్వు ఇంట్లో కప్పులో చేసుకుంటావు కదా, నిమిషన్నరలో."

"కొని తెస్తే పోలా?"

"కొన్నది ఎవరైనా పెడతారు."

ఆ మాట నాకు నచ్చింది. పరుగో పరుగున సందు చివరి దుకాణానికి పోయి మైదా, కోకో పొడి, చక్కెర, బేకింగ్ పౌడర్, నూనె, ఓ చాక్లెట్ బిళ్ళ తెచ్చాను. పాలు టీ కోసం ఉండనే ఉన్నాయి. తీరా చూస్తే కప్పు లేదు, టీ వేడి చేసుకునేది మొన్ననే పగిలింది! మా గ్లాసులన్నీ స్టీలువి, మైక్రోవేవ్‌లో పెడితే మెరుపులే. ఉన్న ఒక్క పింగాణీ కప్పులో గుండుసూదులున్నాయి. వాటిని బల్ల మీద బోర్లించి, కప్పు మూడుసార్లు కడిగాం. మామయ్యకి అయినా నమ్మకం కుదరలేదు. సూదులు ఏరే అయస్కాంతం తెచ్చి కప్పు లోపలా బయటా తిప్పాడు.

"ఒక్కరికి సరిపడా కేకు కదా, నాలుగు చెంచాల మైదా" అన్నాను. ఐదు వేశాడు.

"రెండు కోకో." మూడు వేశాడు.

"మామయ్యా, లెక్క తప్పుతున్నారు."

"తప్పడం లేదే. మార్జిన్."

"ఇది లాగూ కాదు!"

"ఏదైనా చివర్లో చాలకపోతే ఎక్కణ్ణించి తెస్తాం?" అని చక్కెరకీ నూనెకీ పాలకీ కూడా మార్జిన్ వదిలాడు. పావు చెంచా బేకింగ్ పౌడర్ అంటే నిండు చెంచా వేసి కలిపేశాడు.

"అయ్యో, అది పొంగే పొడి మామయ్యా!"

"పొంగితే మంచిదేగా" అన్నాడు. కలిపిన పిండి మీద కూడా ఓసారి అయస్కాంతం తిప్పి, చాక్లెట్ బిళ్ళని నడిమధ్య దించాడు. పిండి అంచుదాకా ఉంది. కాస్త ఒంపేద్దామన్నాను. ఆయన వింటేగా! మైక్రోవేవ్‌లో పెట్టి, నిమిషన్నరకి మరో అర నిమిషం మార్జిన్ కలిపి బటన్ నొక్కాడు.

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని అద్దానికి నుదుళ్ళు ఆనించాం. ముందు ఏమీ కాలేదు. తర్వాత కేకు మెల్లగా తల బయటపెట్టింది. ఇంకా లేచింది. ఆగే ఉద్దేశం ఉన్నట్టు లేదు. మామయ్య మెడలోంచి టేపు తీసి అద్దానికి పెట్టి, "అంగుళన్నర బయటికొచ్చిందే!" అన్నాడు ఆనందంగా. సరిగ్గా అప్పుడే ఒక పక్క దొర్లి పళ్ళెంలో పడింది. గిర్రున తిరుగుతున్న పళ్ళెం నిండా చాక్లెట్! నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆయనకీ అంటుకుంది. నేలమీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా ఇద్దరం పగలబడి నవ్వాం. ఇంత సంతోషంగా మా మామయ్యని నేనెప్పుడు చూశానో గుర్తులేదు.

"ఏంటీ వాసన?"

గుమ్మంలో ఆంటీ! మామయ్య నవ్వు టక్కున ఆగిపోయింది. మైక్రోవేవ్ కూత పెట్టింది. ఆవిడ సంచీ కుర్చీలో పడేసి, సూటిగా వచ్చి తలుపు తీసి, ఉత్త చేత్తో కప్పు పట్టుకోబోయింది.

"అత్తయ్యా, కాలుతుంది!" అని అరిచాను.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. తప్పు నాదే. ఇంట్లో అమ్మా నేనూ ఆవిడ ఊసు ఎప్పుడొచ్చినా అత్తయ్య అనే అనుకుంటాం. నాలుగేళ్ళ అలవాటు, నోరు జారింది.

"ఏమన్నావు?"

"ఆంటీ అన్నాను."

"నా చెవులు బాగానే పనిచేస్తాయమ్మాయ్" అంది. కానీ చూసింది నన్ను కాదు, మామయ్యని.

ఆయన మొహం సుద్దముక్కలా తెల్లబడింది. ఇక పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు. లైనింగ్ గుడ్డ మడతపెట్టి, దాంతో కప్పు పట్టుకుని తెచ్చి, కటింగ్ బల్ల మీద ఆవిడ ముందు పెట్టాడు.

"ఇది ఒక్కరికి సరిపడా కేకు అంది మా పిల్ల" అన్నాడు. "నేనే కాస్త... మార్జిన్ వదిలాను."

"ఎవరికోసం?"

"నాకోసం" అన్నాడు. "మీరు వెళ్ళకపోతే."

చెప్పేశాడు! నాకు మిషనెక్కి గంతులెయ్యాలనిపించింది.

ఆవిడ చెంచా తీసుకుని పైనున్న ముక్క తుంచి, ఊది నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది. "చేదుగా ఉంది" అంది. మామయ్య తల దించుకున్నాడు. ఆవిడ చెంచాని ఈసారి లోతుగా దింపింది. కరిగిన చాక్లెట్ వచ్చింది. అది తిని కాసేపు కళ్ళు మూసుకుంది.

గోడ గడియారం రెండు కొట్టింది. ఆవిడ కళ్ళు తెరిచి ఫోన్ అందుకుంది.

"నమస్కారమండీ. నేను రావడం లేదు... ఏం లేదండీ, ఇక్కడ పని సగంలో ఉంది" అని ఫోన్ పెట్టేసింది.

మామయ్య చేతిలోని టేపు జారి కింద పడింది. ఆవిడ వంగి తీసుకోలేదు. ఆయన్ని కింది నుంచి పైదాకా ఓసారి చూసి, కప్పు బల్ల మధ్యకి జరిపి, నావైపు తిరిగింది.

"చూస్తావేమే కోడలా? ఇంకో చెంచా తే."