పరదాలు దించిన ఆటో

నేను ఒక ఆటోని. ఎక్కడో పడమటి ఫ్యాక్టరీలో పుట్టి, లారీ మీద నిలబడి అనకాపల్లి వచ్చాను. సొంత చక్రాలుండి కూడా అలా మోయించుకుని వచ్చినందుకు మొదట్లో కాస్త సిగ్గుపడ్డాను.

నన్ను మొదట కొన్నవాడు పాటల పిచ్చివాడు. నా వెనకసీటు కింద నాకంటే బరువైన స్పీకర్లు పెట్టించాడు. ప్రయాణికులు దిగాల్సిన చోటు అరిచి చెప్పినా వినపడక ఊరవతల దించేవాడు. బేరాలు పోయి అమ్మేశాడు. తర్వాత సన్యాసిరావు చేతికొచ్చాను. ఈయన స్పీకర్లు పీకించేశాడు. పాటలకంటే జనం మాటలు ఇష్టం మరి. మనుషులదో వింత అలవాటు. ఇంట్లో గుసగుసగా కూడా చెప్పుకోని సంగతులు ఆటో ఎక్కగానే గొంతెత్తి చెప్పుకుంటారు, డ్రైవరుకి చెవులుండవన్నట్టు.

కరోనా వచ్చి అందరినీ ఇళ్లలో కూర్చోబెట్టినప్పుడు నన్ను ఇంటి గోడవారగా నిలబెట్టారు. ఆ ఇంటికి రెండే గదులు. సన్యాసిరావు, భార్య రమణమ్మ, తల్లి అప్పలనర్సమ్మ, ఇంటర్ చదివే కూతురు మౌనిక అందులోనే. గోడలెంత పల్చనంటే పక్కింటాయన తుమ్మితే వీళ్లు ఆవిరి పట్టుకునేవారు.

మౌనిక పేరుకే మౌనిక. కాలేజీకి దింపేటప్పుడు దారంతా వాగుతూనే ఉండేది. ఆ వేసవిలో మాత్రం పేరు నిలబెట్టుకోవడం మొదలుపెట్టింది. తిండి తగ్గించింది. నిద్రపోయేది కాదు. కడిగిన చేతులే కడిగి తోలు లేచిపోయేలా చేసుకుంది. పిల్లకి శుభ్రం అలవాటైందని ఇంట్లో మురిసిపోయారు. సబ్బులు అయిపోతున్నాయని రమణమ్మ ఒక్కతే గొణిగింది.

ఫోను క్లాసులో పిల్ల వాలకం చూసిన జువాలజీ మేడం ఒక నంబరిచ్చింది. మనసు బాగోలేని పిల్లలతో మాట్లాడే డాక్టరమ్మది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అదీ నాన్నది. అది దొరికినా ఒంటరిగా మాట్లాడుకోడానికి చోటేదీ? బాత్రూములో దూరితే బయట నాయనమ్మ చెంబుతో నిలబడేది. చివరికి నా వెనకసీట్లో చేరి రెండువైపులా పరదాలు దించుకుంది. డాక్టరమ్మ చక్కగానే మాట్లాడింది. కాకపోతే, పదహారేళ్ల పిల్లవి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటేనే వారం వారం మాట్లాడగలనంది.

ఊళ్లోవాళ్ల కష్టాలన్నీ ఊ కొడుతూ వినే సన్యాసిరావు సొంత కూతురి మాట పూర్తిగా విననే లేదు.

“మనింట్లో పిచ్చోళ్లెవరూ లేరమ్మా. ఆ ఫోను చూడ్డం తగ్గించు, అదే సర్దుకుంటుంది,” అని లేచిపోయాడు.

మర్నాడు మౌనిక మళ్లీ నాలోకి దూరింది, మావాళ్లు ఒప్పుకోలేదని డాక్టరమ్మకి చెప్పేద్దామని. పరదాల వెనక ఆ గుసగుసలు విని అప్పలనర్సమ్మకి వేరే అనుమానం పుట్టింది. పరదా ఎత్తి, “ఎవుడే ఆడు? ఫోనిలాగియ్యి,” అని లాక్కుంది. అవతలివాడి వంశమంతా కడిగెయ్యడానికి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

అవతలిది ఆడగొంతు. అది ఏ కంగారూ లేకుండా, “నమస్కారమమ్మా. మీరెలా ఉన్నారు? నిద్ర పడుతోందా?” అని అడిగింది.

ముసలామె పీల్చిన ఊపిరిని తిట్టకుండానే వదిలేసింది. తర్వాత నెమ్మదిగా నా సీటెక్కి కూర్చుంది. మోకాళ్ల దగ్గర మొదలుపెట్టి, పోయిన మొగుడి మీదుగా, టీవీలో రోజూ చెప్పే చావుల దాకా వచ్చింది. పక్కన ఇరుక్కుని కూర్చున్న మౌనిక తన వంతు కోసం చూస్తూనే ఉంది. ఫోన్లో చార్జింగు అయిపోతే గానీ నాయనమ్మ ఆగలేదు.

దిగి తిన్నగా కొడుకు దగ్గరకెళ్లింది. “ఒరే సన్నాసీ, నాకు పిచ్చేట్రా?” అని అడిగింది. కాదన్నాడు. “మరి నాకే గుండె తేలికయింది గదరా. పిల్లనెందుకాపుతున్నావు?”

ఆ సాయంత్రం సన్యాసిరావు తనే డాక్టరమ్మకి ఫోన్ చేసి, దూరపు బేరం వచ్చినప్పుడు మాట్లాడేంత మర్యాదగా, ఒప్పుకుంటున్నానండి అన్నాడు.

అప్పట్నుంచి వారానికోసారి నేను డాక్టరు గదినయ్యాను. సన్యాసిరావు ఫోన్ చార్జింగు పెట్టి ఇచ్చి, వెనక్కి చూసే అలవాటు తనకెక్కడ పోదోనని నా అద్దాన్ని పక్కకి తిప్పేసి వెళ్లిపోయేవాడు. అప్పలనర్సమ్మ పరదా పక్కనే పీట వేసుకుని, కర్రతో కాపలా కూర్చునేది. ఎవరైనా అడిగితే లోపల పరీక్ష జరుగుతోందనేది.

పిల్ల చెప్పినవన్నీ విన్నాను. అవి మీకు చెప్పను. ఒక్కమాట మాత్రం పరదా దాటి బయటికి పోయింది.

“రోజూ పాలప్యాకెట్టు తెచ్చేది నేనే కదండీ. ఈ చేతుల్తోనే నాయనమ్మకి అంటిస్తానేమో, నావల్లే చచ్చిపోతుందేమో అని...”

బయట కర్ర చప్పుడు ఆగింది. ముసలామె ఏం కేకలేస్తుందోనని హడలిపోయాను. ఆమె లేచి, పీట చంకన పెట్టుకుని, మాట చెవిన పడనంత దూరం, వీధి అవతలికి వెళ్లి కూర్చుంది. మౌనిక దిగాకే తిరిగొచ్చింది. దగ్గరకి పిలిచి, పగిలిన ఆ చేతులకి కొబ్బరినూనె రాయబోయింది. పిల్ల వెనక్కి లాక్కుంది. నాయనమ్మ వదల్లేదు.

బాగుపడటానికి నెలలు పట్టింది. ఒక వారం కాస్త తేరుకుంటే, ఇంకో వారం మళ్లీ సబ్బు దగ్గరికే. సన్యాసిరావు విసుక్కోబోయి, తల్లి వైపు చూసి మానుకునేవాడు.

మేం మళ్లీ రోడ్డెక్కాక, అప్పలనర్సమ్మకి టీకా వేయించడానికి బయల్దేరాం. తోడుగా మౌనిక. సూదంటే హడలు కాబట్టి ముసలామె దారంతా దేవుళ్లని పేరుపేరునా తిట్టింది. రైల్వే గేటు పడింది. గూడ్సు బండి తీరుబడిగా పోతుంటే, మౌనిక నాయనమ్మ భుజం మీదకి వాలి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. చిన్నగా గురక కూడా పెట్టింది.

గేటు లేచింది. వెనక బళ్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి. సన్యాసిరావు నన్ను స్టార్ట్ చెయ్యలేదు. అప్పలనర్సమ్మ భుజం కదలకుండా చెయ్యొక్కటే బయటికి చాపి, పక్కనుంచి పొమ్మని లారీలకి సైగ చేసింది.