ఏ లోపానికైనా ఒకే జవాబు

ఋజువుగారు తెర మీద వేలు పెట్టి, వరుస వెంట వరుస పెదవులు కదుపుతూ చదువుతున్నారు. కంప్యూటరు చేత తేల్పించే ముందు సూత్రాన్ని మనిషి మాటల్లో ఒకసారి చదవడం ఆయన పద్ధతి. 'ఋజువుగారు' అన్నది ఆఫీసు పెట్టిన పేరు. ఆయన ఋజువర్తనకు పెట్టారో, ఋజువుల పిచ్చికి పెట్టారో ఎవరూ ఋజువు చేయలేదు.

ఆసుపత్రి లిఫ్టుల ప్రోగ్రామును పరీక్షించడం ఆయన పని. లిఫ్టులో నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని. ఏ సెన్సరు పాడైనా లిఫ్టు క్షేమంగా ఆగుతుందా అన్న ప్రశ్నను 'ప్రతి', 'ఒకటైనా' అనే మాటలతో సూత్రంగా రాస్తే, కంప్యూటరు కోట్ల సందర్భాలు జల్లించి నిజమో అబద్ధమో చెబుతుంది. ఇవాళ ఆఖరి సంతకం. సాయంత్రం పదవీ విరమణ. భార్య పోయి నాలుగు నెలలు. అప్పటినుంచి లిఫ్టుల తలుపులే గాని ఆయన తలపులు తెరుచుకోవడం లేదు.

ఫోన్ మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, తిన్నావా?"

"బాగానే ఉంది."

"ఏం బాగుంది, నా తలకాయ! సాయంత్రం మా ఇంటికొస్తావా?"

"బాగానే ఉందమ్మా."

"ఏమడిగినా అదేనా? అసలు నా ప్రశ్న చెవిన పడుతోందా నీకు?"

ఫోన్ పెట్టేసింది. ఆయన వేలు తెర మీదే ఆగిపోయింది. 'ప్రతి లోపానికీ, లిఫ్టును కాపాడే ఆజ్ఞ ఒకటైనా ఉంది.' రెండేళ్ల క్రితం తను రాసిన వరుస. కానీ సెన్సరు చచ్చాక, వచ్చింది ఏ లోపమో లిఫ్టుకు చెప్పేదెవరు? దానికీ ప్రశ్న చెవిన పడదు, తనలాగే అన్నిటికీ ఒకే జవాబివ్వాలి.

మాటలు తారుమారు చేశారు. 'ఒక ఆజ్ఞ ఉంది, అది ప్రతి లోపానికీ పనికొస్తుంది.' మీట నొక్కారు. పదకొండు నిమిషాలకు జవాబొచ్చింది: అబద్ధం. కింద ఉదాహరణ: లిఫ్టు రెండంతస్తుల మధ్య, తలుపులు బార్లా.

ఆ ప్రోగ్రాముతో పద్నాలుగు లిఫ్టులు రోగుల్ని మోస్తున్నాయి. అన్నిటి కాగితాల మీదా ఆయన సంతకమే. గుండె దడదడలాడాలి, ఆడలేదు. లేచి, వీడ్కోలుకు కుర్చీలు సర్దుతున్న గదిలోకి వెళ్లారు.

"లిఫ్టులు ఆపించండమ్మా. తప్పు నాదే."

మేనేజరమ్మ సర్దుతున్న కుర్చీ వదిలేసి వచ్చింది. "నిన్నటిదాకా నిజమన్నారు కదా సార్!"

"నిజమే. అడగాల్సింది అడగలేదు."

ఎవరికీ అంతుపట్టలేదు. ఆయన ఆఫీసులో వేసుకునే రబ్బరు చెప్పులు విప్పి గది మధ్య పెట్టారు.

"ఇక్కడ ప్రతి ఒక్కరికీ సరిపోయే జోడు ఉంటుందా?"

"ఎందుకుండదు సార్, ఎవరి సైజు వాళ్లకి," అన్నాడు లావుపాటి ప్రోగ్రామరు.

"అందరికీ సరిపోయే ఒకే జోడు?"

ప్రోగ్రామరు కాలు దూర్చాడు. మడమ సగం బయటే. "ఇవి చెప్పులు కావు సార్, చెప్పుకోలేని బాధ!" ఎవరూ నవ్వలేదు.

"చీకట్లో, ఎవరి కాలో తెలియకుండా, ఒకే జోడు ఇవ్వాలి. లిఫ్టు పని అదీ. నేను మొదటిది అడిగాను. అడగాల్సింది రెండోది."

మేనేజరమ్మ ఆసుపత్రికి ఫోన్ చేసింది. "అవునండీ, పద్నాలుగూ. ఇప్పుడే."

చివరిది ఆగిందన్న కబురు వచ్చేసరికి సాయంత్రమైంది. ప్రసంగాలు ఎవరూ చేయలేదు. ఆయన తన బల్ల దగ్గర బూట్లు తొడుక్కుని, మెట్ల మీదుగా దిగి వెళ్లిపోయారు.

గది మధ్య రబ్బరు చెప్పులు అలాగే ఉన్నాయి, మడమల దగ్గర ఒక్కరి పాదాలకే అరిగి, గుంటలు పడి.