మెట్ల మీద మారిన మాటలు

ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు పెద్దలు ఒకరితో ఒకరు చెప్పుకోవలసిన మాటలను ఎనిమిదేళ్ల పిల్ల చేత మోయించే హక్కు వారికి ఎవరిచ్చారు? సకాతా రేవు పట్టణంలో, ప్రాథమిక పాఠశాల ఆరోగ్యగది టీచరుగా, ఈ ప్రశ్న చాలామంది తల్లిదండ్రులను అడిగాను. కొందరు నడుము దాకా వంగి నమస్కరించారు. వంగిన తల జవాబు కాదు.

నాగిసా మూడో తరగతి. బడి వదిలే వేళ దగ్గరపడితే ఆమెకు కడుపునొప్పి వచ్చేది. నా గదిలో తెర వెనక మంచం మీద ముడుచుకుని పడుకునేది. జ్వరం లేదు, వాంతి లేదు. డాక్టరు పరీక్షించి ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోవడమేమిటి? ఇల్లుంది కదా.

ఆ ఇంట్లో తల్లి ఫుమికా కింద, తండ్రి తోషికి మేడ మీద ఉండేవారు. నాయనమ్మ అంత్యక్రియల నాడు మాటా మాటా పెరిగింది. ఆనాటి నుంచి వారి మధ్య మాటల్లేవు. విడిపోతే ఊళ్లో తలెత్తుకోలేమని విడిపోలేదు. కబుర్లన్నీ పిల్ల మోసేది.

ఒక మధ్యాహ్నం బార్లీ టీ చేతికిస్తే, ఆ పని ఎలా చేస్తుందో నాగిసా నాకు వివరించింది, ఏదో చేతివిద్య నేర్పుతున్నట్టు.

“‘తిన్న గిన్నె కడగడానికి మీ నాన్నకి చేతులు పడిపోయాయా?’ అంటుంది అమ్మ. నేను పైకెళ్లి, ‘నాన్నా, వీలైతే గిన్నె కడుగుతావా అని అమ్మ అడిగింది’ అంటా.”

“నాన్న ఏమంటాడు?”

“‘నేనేం మహారాణిగారి నౌకర్నా?’ అంటాడు. కిందకొచ్చి, ‘ఇవాళ అలిసిపోయాడట, రేపు తప్పకుండా కడుగుతాడట’ అంటా.”

“మరి రేపు?”

“నేనే కడిగేస్తా. అమ్మ చూసి, ‘అబ్బో, పడమట పొద్దు పొడిచింది!’ అని నవ్వుతుంది.” టీ కప్పు కింద పెట్టి అంది: “మెట్ల మీద కూర్చుని మాట మార్చాలి, టీచర్. అప్పుడే కడుపులో తిప్పుతుంది.”

శరత్కాలంలో బడి ఆటల పండుగ వచ్చింది. ఆరోజు మధ్యాహ్నం ప్రతి కుటుంబం మైదానం అంచున చాప పరుచుకుని కలిసి తింటుంది. నాగిసా, అమ్మ పేరున నాన్నకూ, నాన్న పేరున అమ్మకూ తానే కబురు అల్లి చెప్పింది. ఇద్దరూ వచ్చారు, ఒకే చాప మీదికి. ఫుమికా భర్తకిష్టమని తీపి గుడ్డట్టు చుట్టి తెచ్చింది. తోషికి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దెబ్బలకు మందు రాస్తూ నేను పక్క గుడారంలోనే ఉన్నాను.

“తప్పంతా నీదేనని ఒప్పుకున్నావటగా,” అంది ఫుమికా, మెత్తగానే.

“నేనెప్పుడన్నాను? నేను రాకపోతే ముద్ద దిగదని నువ్వే కదా కబురంపావు!”

“నేనా? నీ మొహానికా?”

ఇద్దరూ పిల్ల వైపు తిరిగారు.

“ఎంత అబద్ధాలకోరువే!” అంది తల్లి.

“కన్నవాళ్లతోనే నాటకాలా?” అన్నాడు తండ్రి.

అంతకాలానికి వారిద్దరికీ ఒక విషయంలో అభిప్రాయం కలిసింది.

నాగిసా చేతిలోని అన్నం ముద్దను భోజనం పెట్టెలో జాగ్రత్తగా పెట్టి మూత వేసింది. ఆ తరువాత మాట్లాడలేదు: ఇంట్లోనూ, తరగతిలోనూ, నా దగ్గరా.

సముద్రం మీది నుంచి మంచుగాలి మొదలయ్యాక తల్లిదండ్రులను పిలిపించాను. పిల్ల తెర వెనక పడుకుని ఉంది.

“టీచర్ గారూ, పిల్ల ఇలా అయిపోవడానికి ఆయన నోరే కారణమని కాస్త ఆయనకి చెప్పండి,” అంది ఫుమికా.

“ముందు ఆవిడని నోరు అదుపులో పెట్టుకోమనండి,” అన్నాడు తోషికి.

“నేను చెప్పను,” అన్నాను. “మీ ఇద్దరి కుర్చీల మధ్య జానెడు దూరం లేదు.”

తెర కదిలింది. నాగిసా మంచం దిగి వచ్చి, అలవాటు చొప్పున, వారి మధ్య నిలబడింది. తల్లి ముఖం చూసింది, తండ్రి ముఖం చూసింది. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. కడుపు పట్టుకుని అక్కడే కూలబడింది.

అప్పుడు కూడా వారు నా వైపే చూశారు, ఒకరి వైపొకరు కాదు.

చదువుతున్న మీ ఇంట్లో “మీ నాన్నకి చెప్పు”, “మీ అమ్మకి చెప్పు” అన్న మాటలు వినబడుతున్నాయా? ఇక పిల్లను పంపకండి. ఆ మాట ఎంత చేదైనా సరే, లేచి వెళ్లి మీ నోటితో మీరే చెప్పండి. ఇవాళే.