ఆరువందల ఇరవై కిలోమీటర్లు

"గంటా పది నిమిషాలే కదా! పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్" అన్నాడు మా ఆయన. నేను గిన్నెలు తోముతున్నాను. ఆయన ఫోన్లో మా ఊరి పేరూ, నేను వెళ్ళాల్సిన ఊరి పేరూ కొట్టి, మధ్య దూరం ఆరువందల ఇరవై కిలోమీటర్లనీ, విమానంలో గంటా పది నిమిషాలనీ నాకు చదివి వినిపిస్తున్నాడు. పదకొండేళ్ళుగా విమానం టికెట్ల ఆఫీసులో పనిచేస్తున్న నాకు! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఆ ఊళ్ళో మా హెడ్డాఫీసు ఉంది. సోమవారం నుంచి మూడు రోజులు శిక్షణ. పూర్తి చేస్తే మా బ్రాంచికి నేనే ఇన్‌చార్జిని. ఒక్క రోజు ఎగ్గొట్టినా ఆ కుర్చీ నిన్నగాక మొన్న చేరిన పక్క కౌంటరాయనకి పోతుంది. ఈ మాట మూడుసార్లు చెప్పాను. "మొదటిరోజు మొహం చూపించి రా, చాలు. నువ్వు లేకపోతే వాళ్ళ ఆఫీసేం మూతపడదులే" అన్నాడు. మరి ఇల్లు మాత్రం మూతపడుతుందట! "మూడు రోజులు నా మాత్రలెవరిస్తారే అమ్మాయ్?" అని లోపల్నుంచి అత్తయ్య. మాత్రల డబ్బా ఆవిడ మంచం పక్కనే ఉంటుంది. మూత తీయడం ఆవిడకీ వచ్చు, ఆవిడ కొడుక్కీ వచ్చు.

ఆయనా ఏడాదికి నాలుగుసార్లు ఆ ఊరే వెళ్తాడు. అప్పుడు మాత్రం ఆ దూరం ఎక్కడలేనంత సాగుతుంది. ముందురోజు బట్టలు ఇస్త్రీ చేసి సర్దాలి. వచ్చినరోజు ఒళ్ళునొప్పులు, మర్నాడు సెలవు. "పాపం, అంతదూరం వెళ్ళొచ్చాడు, కాసేపు పడుకోనీ" అంటుంది అత్తయ్య. నా దగ్గరికొచ్చేసరికి అది వీధి చివర కొట్టుకి వెళ్ళొచ్చినంత.

ఇంతమందిని ఎక్కించాను గానీ నేనెప్పుడూ విమానం ఎక్కలేదు. దానికి బాధ లేదు. ఎన్నింటికి చేరతాం, ఎవరొస్తారు తీసుకెళ్ళడానికి అని కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడుకుంటారే, అది వింటే మాత్రం మా ఇల్లు గుర్తొస్తుంది. సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెడితే టీవీ ముందునుంచి "టీ" అని ఒక్క మాట. వచ్చావా అని కాదు. ముగ్గురున్న ఇంట్లో నాకింత ఒంటరితనమేమిటో! ఏడుపొస్తుంది. ఏడిస్తే ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఉండాలిగా.

మర్నాడు మధ్యాహ్నం కౌంటరు ఖాళీగా ఉన్నప్పుడు నా టికెట్టు నేనే తీయడానికి కూర్చున్నాను. వెళ్ళేది సోమవారం పొద్దున. తిరిగొచ్చేది బుధవారం రాత్రి. రెండు తేదీలూ కొట్టేశాను. తర్వాత ఫోను నంబరు. ఆడవాళ్ళ టికెట్టయితే భర్త నంబరు వేయడం మా ఆఫీసు అలవాటు. ఆవిడ ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడ్డా సరే, "మీవారి నంబరు చెప్పండమ్మా" అంటాం. నేనే ఎంతమందినో అలా అడిగాను. టికెట్టు ఆ నంబరుకే వెళ్తుంది. తేదీ మార్చాలన్నా, మొత్తం రద్దు చేయాలన్నా ఆ నంబరు చేతిలో ఉన్నవాళ్ళదే పెత్తనం.

నా వేళ్ళు వాటంతటవే ఆయన నంబరు కొట్టేశాయి. పది అంకెలూ చూస్తూ కూర్చున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఒక్కొక్కటే చెరిపేసి నా నంబరు వేశాను.

బల్లమీద నా ఫోను మోగింది. టికెట్టు ఖాయం. ఇక దాన్ని రద్దు చేయాలంటే నన్ను అడగాలి.