అత్త మూతి, కోడలు మూతి

నిచ్చెన ఐదో మెట్టు మీద నిలబడి, రేకులక్క మూడో గొట్టాన్ని నాలుగో దాంట్లోకి దూర్చి కాస్త తిప్పింది. రేకులో రేకు కూర్చున్న చప్పుడు విన్నాక గానీ చెయ్యి తీయలేదు. కింద నిచ్చెన పట్టుకున్న తోటికోడలు అడక్కుండానే వెండిరంగు టేపు అందించింది. పాతికేళ్లుగా ఇద్దరిదీ ఇదే పని. బట్టలారబెట్టే పెద్ద మిషన్ల వేడిగాలినీ, దాంతో లేచే నూగునూ గోడ బయటికి పంపే గొట్టాలు బిగిస్తారు. మామగారు నేర్పిన పని ఇది. కొడుకులకు అబ్బలేదు, కోడళ్లకు అబ్బింది.

ఈ లాండ్రీలో నెల క్రితం పాత గొట్టంలో పేరుకున్న నూగు అంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ మిషన్లకు సీలు పడింది. మడతలు పెట్టే ఆరుగురు ఆడవాళ్లు ఇంట్లో కూర్చున్నారు. మూడింటికి తనిఖీ అధికారి వస్తాడు. ఆయన సరేనంటే ఆరుగురూ రేపే పనిలోకి వస్తారు, కాదంటే ఎన్నాళ్లకో. వాళ్లలో పెద్దావిడ ఉండబట్టలేక పొద్దున్నే వచ్చి ఖాళీ బల్ల ముందు కూర్చుంది.

"నా గది చుట్టూ తిప్పి తీసుకెళ్లొచ్చు కదమ్మా, నా నెత్తిమీంచే పోవాలా?" అన్నాడు యజమాని.

"చుట్టూ అంటే నాలుగు మలుపులండీ. మలుపు మలుపుకీ నూగు కాపురం పెడుతుంది. మీరు యజమాని అని గాలికి తెలీదు కదా, కుర్చీయే కాస్త జరుపుకోండి."

పెద్దావిడ మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. యజమాని కుర్చీ తనే మోసుకున్నాడు.

ప్రతి గొట్టానికీ ఒక మూతి వెడల్పు, ఒక మూతి అంచుకు ముడతలు నొక్కి సన్నం చేసి ఉంటుంది. వెడల్పు మూతిని మామగారు అత్త అనేవాడు, సన్నమూతిని కోడలు. గాలి ఎటు పోతే కోడలు అటే చూడాలి, ముందున్న అత్తలోకి బుద్ధిగా దూరాలి. ఎదురు తిరిగిందా, ఆ అంచుకు నూగు పట్టుకుంటుంది. స్క్రూల మొనలకూ అంతే, అందుకే వీళ్లు స్క్రూ వాడరు.

భోజనాలయ్యాక రేకులక్క కుడి చెయ్యి భుజం దాటి లేవనని మొరాయించింది. గోడలోంచి బయటికి పోయే ముక్కకు చివరి అతుకు ఎడమ చేత్తోనే పెట్టి దిగింది.

ఇక పరీక్ష. పాత పట్టుగుడ్డను దారానికి కట్టి, మిషన్ దగ్గర్నుంచి గోడ బయటికి లాగుతారు. ఎక్కడా చిక్కకుండా వస్తే పని అయినట్టు. గుడ్డ జారుతూ జారుతూ గోడ దగ్గర ఆగిపోయింది. రేకులక్క మళ్లీ లాగింది. పోగు తెగిన చప్పుడు.

"ఎదురు తిరిగింది," అంది మెల్లగా. "ముడతలు గొట్టానికి నొక్కాల్సింది, గోడ ముక్కకు నొక్కాను."

తోటికోడలు నేలకేసి చూసింది. "నువ్వు పెడుతుంటే చూశానక్కా."

"చూసి నోరు మెదపలేదేం?"

"నువ్వు తప్పు పెడతావని ఎలా అనుకుంటాను? నా కళ్లే తప్పనుకున్నా."

గడియారంలో రెండూ ఇరవై. రేకులక్క తన భుజాన్నీ, నిచ్చెననూ చూసుకుని, వచ్చి నిచ్చెన కాళ్లు పట్టుకుంది.

"ఎక్కు."

"నేనా?"

"నీ కళ్లే ఒప్పు కదా. ఎక్కవే."

తోటికోడలు ఎక్కింది. టేపు ఒలిచి, గోడ ముక్క ఊడదీసి, దాని ముడతల అంచు కత్తిరించి పారేసింది. గొట్టం మూతిని పట్టకారుతో చుట్టూ ఒకే లోతున నొక్కి, ముందుకు తోసింది. పై నుంచి రేకు కూర్చున్న చప్పుడు వినబడింది. ఈసారి పట్టుగుడ్డ నీళ్లలో చేపలా వచ్చింది.

అధికారి వచ్చాడు, లైటు వేసి చూశాడు, బయట గొట్టం మూతి దగ్గర గాలి కొలిచాడు, ఇంకోసారి కొలిచాడు.

"ఇంత తిన్నగా వేసినవాళ్లను ఈమధ్య చూడలేదు. ఎవరు బిగించారు?"

"ఈవిడే," అంది రేకులక్క, తోటికోడలి వీపు తట్టి.

సీలు తెగింది. పెద్దావిడ కాగితం మీది సంతకం ఆరకముందే తడి దుప్పట్లు మిషన్లో కుక్కింది. రేకులక్క చీర మీద తొడుక్కున్న, మసి కొట్టుకుపోయిన పని చొక్కాను కూడా, వద్దంటున్నా విప్పించి, ఉతికి వేసింది. ఒకప్పుడు ఆరడానికి గంటంబావు పట్టేది. ముప్పైఎనిమిది నిమిషాలకు మిషన్ గంట మోగింది. బయట గొట్టం మూతికున్న రేకు తలుపు అంతసేపూ గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంది. పెద్దావిడ మిగతా అయిదుగురికీ ఫోన్లు చేస్తూ, "రేపు ఎనిమిదికి, ఆలస్యమైతే ఊరుకోను," అని అప్పుడే పెత్తనం మొదలెట్టింది.

ఆ సందట్లో రేకులక్క పనిముట్ల సంచి తెచ్చి తోటికోడలి భుజానికి తగిలించింది.

"రేపటి పనికి నువ్వే వెళ్లు. నిచ్చెన పట్టుకోడానికి ఓ మనిషిని వెతుక్కో."

"నువ్వు రావా అక్కా?"

"నేను చెయ్యాల్సింది అయిపోయింది. బాగా అయింది," అని చేతులు ఊపుకుంటూ, ఎండలోకి దిగి వెళ్లిపోయింది.

పెద్దావిడ గుమ్మం దాకా పరిగెత్తింది. "అయ్యో, చొక్కా మర్చిపోయింది."

"మర్చిపోలేదు," అంది తోటికోడలు.

నెల రోజులు ఖాళీగా ఉన్న బల్ల మీద, దుప్పట్ల దొంతర పక్కన, నాలుగు మడతల్లో ఆ చొక్కా ఉంది, ఇంకా వెచ్చగా.